రెండు పెన్సిల్ సెల్స్ మీద ఒక వాదం

మేనమామ ఉద్యోగకాలమంతా సర్క్యూట్ బోర్డులు గీసినవాడు. విరమణ తరవాత అనంతపురం దగ్గర చీనీ తోట చూసుకుంటున్నాడు. మేనకోడలు హైదరాబాద్‌లో చిన్న చిప్పులకు ప్రోగ్రాములు రాస్తుంది. డ్రిప్పు ఎప్పుడు వదలాలో, ఎప్పుడు కట్టెయ్యాలో మట్టే చెప్పాలని ఇద్దరూ కలిసి చెట్ల పాదుల్లో చిన్న పెట్టెలు పెట్టారు. ఒక్కో పెట్టెలో ఒక మైక్రోకంట్రోలరు, ఒక రేడియో, మట్టి తేమను కొలిచే ప్రోబు, రెండు పెన్సిల్ సెల్స్. లెక్క ప్రకారం ఏడాదికి పైగా నడవాలి. నెల తిరక్కుండానే సెల్స్ అయిపోయాయి.

"నీ ప్రోగ్రాము నిద్రపోవడం లేదమ్మా," అన్నాడు మేనమామ.

"నిద్రపోతోంది మామయ్యా. మీ బోర్డే మేలుకుని ఉంటోంది," అంది మేనకోడలు.

ఈ తగవు ఆ తోటలో పుట్టింది కాదు. వైర్‌లెస్ సెన్సర్ నెట్‌వర్కుల వయసెంతో దాని వయసూ అంతే. 1990ల చివర్లో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో క్రిస్ పిస్టర్ బృందం ఇసుకరేణువంత కంప్యూటరు చెయ్యాలని ‘స్మార్ట్ డస్ట్’ పనికి దిగింది. అక్కడే డేవిడ్ కల్లర్ బృందం అలాంటి బుల్లి కంప్యూటర్లను, అంటే నోడ్లను, నడపడానికి టైనీఓఎస్ అనే బుల్లి ఆపరేటింగ్ సిస్టం రాసింది. చేతిలో పని లేని మరుక్షణం ప్రాసెసర్‌ను నిద్రపుచ్చడం దాని తొలి ధర్మం. ఒకరు కరెంటు తక్కువ తినే వస్తువును తయారుచేశారు, ఇంకొకరు ఆ వస్తువును వీలైనంతసేపు ఆపి ఉంచారు. ఇందులో ఎవరి వాటా ఎంతన్నది అప్పట్నుంచీ వాదనగానే ఉంది.

మేనకోడలు కాగితం ముందుకు లాక్కుంది. "గ్రేట్ డక్ ఐలండ్ సంగతి మీకు తెలుసుగా?"

అమెరికాలో మెయిన్ రాష్ట్రం తీరాన ఉన్న చిన్న దీవి అది. నేలలో బొరియలు చేసుకుని గుడ్లు పెట్టే లీచ్ స్టార్మ్ పెట్రెల్ అనే సముద్రపక్షికి అది ఆవాసం. పరిశోధకులు మాటిమాటికీ వెళ్లి బొరియల్లో చేతులు పెడితే గూళ్లకే చేటు. అందుకని 2002 వేసవిలో బర్క్‌లీ వాళ్లు, ఇంటెల్ పరిశోధకులు, కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్ వాళ్లు కలిసి అక్కడ 32 నోడ్లు పెట్టారు. ఒక్కోదానికి రెండు పెన్సిల్ సెల్స్. తొమ్మిది నెలలు నడవాలని గురి. చేతికందే 2,200 మిల్లీఆంపియర్-గంటల్ని అన్ని రోజులకూ పంచితే రోజుకు 8 మిల్లీఆంపియర్-గంటలకు కాస్త పైన వచ్చింది. ఆ కోటాలో ఏ పనికి ఎంత ఖర్చవుతుందో వాళ్లు పట్టిక కట్టారు. ఒక ప్యాకెట్ పంపడానికి 20 నానోఆంపియర్-గంటలు, అందుకోవడానికి 8. ఎవరూ ఏమీ పంపకపోయినా రేడియో తెరిచి ఊరికే వింటూ కూర్చుంటే ఒక్కో మిల్లీసెకనుకు 1.25.

"చూశారా? ఒక్క సెకను ఊరికే విన్నామంటే 62 ప్యాకెట్లు పంపినంత ఖర్చు. మాట్లాడ్డం కాదు, మాట కోసం కాచుక్కూర్చోవడం బ్యాటరీని తినేస్తుంది. ఆ కాపలాని ఏ చిప్పు తగ్గిస్తుంది? ఎప్పుడు వినాలో తెలిసిన ప్రోగ్రాము తగ్గించాలి. బస్సు వేళ తెలియనివాడు రోజంతా రోడ్డు మీద నిలబడాలి. తెలిసినవాడు అయిదు నిమిషాల ముందు వస్తే చాలు."

ఆమె మాటకు వెనక పెద్ద పరిశోధనే ఉంది. 2002లో వచ్చిన ఎస్-మ్యాక్ అనే పద్ధతి ఇరుగుపొరుగు నోడ్లన్నీ ఒకే వేళకు లేచి, ఒకే వేళకు పడుకునేలా చేసింది. 2004లో బర్క్‌లీ నుంచి వచ్చిన బి-మ్యాక్ దీన్ని తలకిందులు చేసింది. వేళ కుదుర్చుకోవడమే వద్దు, ప్రతి నోడూ మధ్యమధ్యలో క్షణకాలం లేచి గాల్లో సంకేతం ఉందో లేదో చూసి పడుకుంటుంది. పంపేవాడే ఆ విరామం కంటే పొడుగ్గా ముందుసంకేతం కూసి, అవతలివాణ్ణి పట్టుకోవాలి. ఆ పొడుగు కూత వృథా కదా అని 2006లో ఎక్స్-మ్యాక్ దాన్ని చిన్నచిన్న తునకలు చేసి, ఒక్కో తునకలోనూ చిరునామా పెట్టింది. తనకోసమే అని తెలిసిన నోడు మధ్యలోనే ‘సరే’ అంటుంది, మిగతావి వెంటనే పడుకుంటాయి.  వినే వేళను మార్చడంతోనే ఆయుష్షు ఎన్నో రెట్లు పెరిగింది.

మేనమామ శ్రద్ధగా విన్నాడు. తరవాత తన పక్షం చెప్పాడు.

"క్షణకాలం లేచి చూసి పడుకోవడం అన్నావు. ఆ లేవడానికే ఎంతసేపు పడుతుందో చూశావా? మైకా2 నోడులో ఉన్న ఏవీఆర్ చిప్పు నిద్రలోంచి లేచి కుదురుకోవడానికి 180 మైక్రోసెకన్లు. 2004లో వచ్చిన టెలోస్ నోడులో ఎంఎస్‌పీ430 చిప్పుకు 6 మైక్రోసెకన్లు. నీ ప్రోగ్రాము ఎంత తెలివైనదైనా ఆ లేచే కాలాన్ని ఒక్క మైక్రోసెకను కూడా తగ్గించలేదు. ఇంకోటి చెప్తాను విను. పెన్సిల్ సెల్ ఒకటిన్నర వోల్టు దగ్గర మొదలై 0.9 దగ్గరికి దిగాక అయిపోయినట్టు. రెండు కలిస్తే 1.8. ఎంఎస్‌పీ430 సరిగ్గా 1.8 దాకా పనిచేస్తుంది. ఆ ఏవీఆర్ చిప్పుకు 2.7 వోల్టులు ఉండాలి. అంటే సెల్‌లో దాదాపు సగం సరుకు మిగిలి ఉండగానే నోడు చచ్చిపోతుంది. టెలోస్ చేసినవాళ్లు ఈ లెక్క చూసుకునే చిప్పు మార్చారు. పారేసిన సెల్‌లో మిగిలిపోయిన ఆ సగాన్ని ఏ కోడు తీస్తుంది?"

ఇది గట్టి మాట. సెన్సర్ నెట్‌వర్కుల గురించి రాసేవాళ్లు ప్రోటోకాల్ పేర్లు వల్లించినంతగా సెల్ ఖాళీ అయ్యే తీరు గురించి రాయరు. పనిచేసే కనిష్ఠ వోల్టేజీ అనే ఒక్క అంకె బ్యాటరీ సైజును రెట్టింపు చేసినంత పని చేస్తుంది.

మేనకోడలు దాన్ని ఒప్పుకుంటూనే వదల్లేదు. "సరే, రేడియోలూ మారాయి. టెలోస్‌లోని సీసీ2420 వినడానికి దాదాపు 19 మిల్లీఆంపియర్లు తినేది. ఇప్పటి నార్డిక్ ఎన్ఆర్ఎఫ్52 చిప్పులు 5, 6తో సరిపెడతాయి. పదేళ్లకు పైగా ఇంతమంది కష్టపడితే వచ్చింది మూడున్నర రెట్లు. రేడియో తెరిచి ఉంచే కాలాన్ని నూటికి నూరు పాళ్ల నుంచి ఒక పాలుకు దించితే వచ్చేది వంద రెట్లు. ఆ వంద రెట్లు నాది."

"వేసి చూడు ఆ లెక్క," అన్నాడాయన.

ఆమె వేసింది. మేలుకున్నప్పుడు మొత్తం 20 మిల్లీఆంపియర్లు, నిద్రలో 5 మైక్రోఆంపియర్లు, సెల్‌లో 2,500 మిల్లీఆంపియర్-గంటలు అనుకుంది. ఎప్పుడూ మేలుకుని ఉంటే 125 గంటలు, అంటే అయిదు రోజుల చిల్లర. కాలంలో ఒక శాతమే మేలుకుంటే సగటు 205 మైక్రోఆంపియర్లు. ఆయుష్షు దాదాపు 17 నెలలు. అయిదు రోజులకూ 17 నెలలకూ మధ్యనున్న తేడా అంతా ప్రోగ్రాముదే. ఆమె మొహం వెలిగింది. ఇంకా కిందికి పోయింది. 0.1 శాతమైతే సగటు 25. ఇంకో పదిరెట్లు తెలివి ఖర్చుపెట్టి 0.01 శాతానికి దించితే 7. ఇక్కడ ఆగింది. ప్రోగ్రాము పది రెట్లు మెరుగైతే సగటు మూడున్నర రెట్లే తగ్గింది. మిగిలిన 7లో 5 నిద్ర ఖర్చే.

"ఇప్పుడు నా బోర్డు నిద్రలో 5 కాదు, 50 తింటుందనుకో," అన్నాడు మేనమామ. "ఒక శాతం దగ్గర 250. నీకు పెద్దగా తేడా తెలియదు. 0.01 శాతం దగ్గర 52. నువ్వు చేసిన పనంతా ఆ రెండులో ఉంది, నేను చేసిన తప్పంతా ఆ యాభైలో ఉంది."

ఈ వాదం మొత్తంలో అసలు విషయం ఇదే అనిపిస్తుంది. ఎవరిది పైచేయి అన్నదానికి ఒకే జవాబు లేదు, నోడు ఎంతసేపు మేలుకుంటుందన్న దాన్ని బట్టి జవాబు మారుతుంది. ప్రోగ్రాము మొరటుగా ఉన్నంతకాలం బోర్డులోని లోపాలు దాని నీడలో దాక్కుంటాయి. ప్రోగ్రాము బాగుపడే కొద్దీ అవి బయటపడతాయి. సాఫ్ట్‌వేర్ ఎంత గెలిస్తే హార్డ్‌వేర్ మాటకు అంత బరువు పెరుగుతుంది. కరెంటు రోజుల తరబడి కొద్దికొద్దిగా పోయేచోట అంకెలు కూడా మోసం చేస్తాయి. ఒక మైక్రోఆంపియరు అంటే ఏమీ కాదనిపిస్తుంది. ఏడాదికి 8,760 గంటలు కాబట్టి అది 8.76 మిల్లీఆంపియర్-గంటలు. గ్రేట్ డక్ ఐలండ్ నోడుకు అది ఒక రోజు కోటాకు పైమాట.

మరి ఆ యాభై ఎక్కడనుంచి వస్తుంది? మేనమామకు ఈ విషయం కరతలామలకం. కరెంటు ఉందని చూపే చిన్న ఎర్ర దీపం ఒక మిల్లీఆంపియరు తింటుంది, అదొక్కటే నోడు చావుకు చాలు. బ్యాటరీ వోల్టేజీ కొలవడానికి పెట్టే రెండు 100 కిలోఓమ్ రెసిస్టర్ల గుండా పగలూ రాత్రీ 15 మైక్రోఆంపియర్లు కారుతుంటాయి. వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటరు కూడా తన వంతు తింటుంది. బజార్లో చవగ్గా దొరికే 1117 రకంది అయితే పని లేకపోయినా కొన్ని మిల్లీఆంపియర్లు, తక్కువ కరెంటు కోసం చేసిన రకాలైతే ఒకటి రెండు మైక్రోఆంపియర్లు. ప్రయోగాలకు వాడే బోర్డును తీసుకెళ్లి పొలంలో పెడితే నెలలు నడవకపోవడానికి చాలాసార్లు కారణం ఈ మూడింటిలోనే దొరుకుతుంది.

తోటలో పెట్టెల్ని మాత్రం ఈ మూడూ చంపలేదు. ఆయన వాటినన్నిటినీ ముందే తీసేశాడు.

ఇక కొలవడం తప్ప దారి లేదు. ఇక్కడా ఇద్దరికీ పడలేదు. మేనకోడలికి కాంటికి ఆపరేటింగ్ సిస్టంలోని ఎనర్జెస్ట్ పద్ధతి ఇష్టం. స్వీడన్‌లో ఆడం డంకెల్స్, ఆయన సహచరులు 2007లో దాన్ని వివరించారు. రేడియో ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూసుకుంది, ప్రాసెసరు ఎంతసేపు మేలుకుంది అన్నది ప్రోగ్రామే రాసిపెట్టుకుని, ఒక్కోదాని కరెంటుతో గుణిస్తుంది. కొలిచే పరికరం అక్కర్లేదు, పొలంలో ఉన్న ప్రతి నోడూ తన ఖర్చు తానే చెబుతుంది. ఆ పద్ధతి ప్రకారం పెట్టెల్లోని నోడ్లు ఏ తప్పూ చేయడం లేదు, సగటు 30 మైక్రోఆంపియర్లు.

"అది తనకు తెలిసిన ఖర్చులే రాసుకుంటుంది," అన్నాడు మేనమామ. "తెలియని చిల్లు దాని పద్దులో పడదు. తీగ మధ్యలో మీటరు పెట్టాల్సిందే."

మామూలు మల్టీమీటరు ఈ పనికి రాదు. నోడు కరెంటు నిద్రలో మైక్రోఆంపియర్లు, మేలుకున్నప్పుడు పదుల మిల్లీఆంపియర్లు, రెంటికీ నడుమ వేల రెట్ల తేడా. పది ఓమ్‌ల రెసిస్టరు పెట్టి దాని మీద వోల్టేజీ చూద్దామంటే, 20 మిల్లీఆంపియర్లకు 200 మిల్లీవోల్టులు చక్కగా కనిపిస్తాయి గానీ, 5 మైక్రోఆంపియర్లకు వచ్చే 50 మైక్రోవోల్టులు గోలలో కలిసిపోతాయి. రెసిస్టరు పెంచితే రేడియో తెరుచుకున్న క్షణంలో వోల్టేజీ పడిపోయి నోడు ఆరిపోతుంది. మైక్రోఆంపియరు కన్నా తక్కువ నుంచి ఒక ఆంపియరు దాకా తనంతట తానే కొలబద్ద మార్చుకునే చిన్న పరికరాలు ఇప్పుడు మామూలు ఇంజనీరు కొనగలిగే ధరకే వస్తున్నాయి. నార్డిక్ వాళ్ల పవర్ ప్రొఫైలర్ కిట్ అలాంటిదే. మేనకోడలి సంచిలో ఒకటుంది.

పెట్టె తెరిచి పెట్టారు. నోడు నిద్రలో ఉంది. కరెంటు 4 మిల్లీఆంపియర్లు చూపిస్తోంది. 2,500ను 4తో భాగిస్తే 625 గంటలు, అంటే 26 రోజులు.

కారణం దొరకడానికి సాయంత్రమైంది. ప్రోబుకు కరెంటు ఇచ్చి ఆపడానికి మేనమామ బోర్డు మీద మాస్‌ఫెట్ స్విచ్ పెట్టాడు. కొలత అయిపోగానే ప్రోగ్రాము ఆ స్విచ్‌ను కట్టేస్తోంది. రెండూ సరిగ్గానే జరుగుతున్నాయి. కానీ ప్రోబు తన అంకెను చెప్పేది సీరియల్ తీగ మీద. ఆ తీగ మాట లేనప్పుడు సున్నాలో కాదు, ఒకటిలో నిలబడుతుంది, అంటే సెల్ వోల్టేజీ దగ్గర. చాలా చిప్పుల పిన్నులకు లోపల రక్షణ కోసం ఒక డయోడు సరఫరా తీగకు కట్టి ఉంటుంది. ముందు తలుపున కరెంటు ఆపేసినా, డేటా తీగ మీంచి ఆ డయోడు గుండా కరెంటు లోపలికి పాకి, ప్రోబును సగం ప్రాణంతో బతికించింది. ఆ సగం ప్రాణం ఖరీదే నాలుగు మిల్లీఆంపియర్లు.

"ప్రోబుకు కరెంటు ఆపేముందు సీరియల్ మూసి, పిన్నును సున్నాకు దించాలి. రెండు వరుసల కోడు," అన్నాడు మేనమామ. "అవి నువ్వు రాయలేదు."

"రాయాలని నాకెవరు చెప్పారు మామయ్యా? మీ బోర్డు కాగితంలో ‘ప్రోబు స్విచ్’ అని ఉంది. కట్టేయమన్నారు, కట్టేశాను. డేటా తీగ మీద మీరే ఒక 10 కిలోఓమ్ రెసిస్టరు పెట్టి ఉంటే నా తప్పుతో కూడా 0.3 మిల్లీఆంపియరు దాటేది కాదు."

ఇద్దరి మాటా నిజమే. ప్రోబు డేటాషీట్ తీసి చూస్తే హెచ్చరిక అందులోనే ఉంది. ఏ పిన్ను మీదా వోల్టేజీ సరఫరా కన్నా 0.3 వోల్టులు మించరాదని, గరిష్ఠ హద్దుల పట్టికలో ఒక వరుస. సరఫరా ఆపేశాక ఆ హద్దు 0.3 వోల్టుకు దిగిపోతుంది, పిన్ను మీద మాత్రం 3 వోల్టులున్నాయి. ఆ పట్టికను బోర్డు గీసేవాళ్లు చదువుతారు, కోడు రాసేవాళ్లు దాన్ని దాటి రిజిస్టర్ల పేజీకి పోతారు. బోర్డు గీసేవాళ్లు ఏ పిన్ను ఎప్పుడు ఏ స్థితిలో ఉంటుందో కోడు తెరిచి చూడరు. తక్కువ కరెంటు రూపకల్పనలో ఎక్కువ నష్టం ఈ రెండు పేజీల నడుమనే జరుగుతుంది. బోర్డుతోపాటు ప్రతి పిన్నూ నిద్రలో ఏ స్థితిలో ఉండాలో చెప్పే ఒక పట్టిక ఇచ్చిపుచ్చుకోవడం పెద్ద పనేమీ కాదు. అది లేకుండా బోర్డును అప్పగించడం అసంపూర్తి పని అనే చెప్పాలి.

అంతటితో రాజీపడ్డారనుకుంటే పొరపాటు. మర్నాడు ఎండ గురించి మొదలైంది.

నోడ్లన్నీ ఒకే వేళకు లేవాలంటే గడియారాలు కలవాలి. నోడ్లలో ఉండేది చేతి గడియారాల్లో వాడే 32,768 హెర్ట్జ్ క్వార్ట్జ్ స్ఫటికమే. అది 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేలా చేస్తారు. అక్కడినుంచి వేడెక్కినా చల్లబడ్డా వెనకబడుతుంది, అదీ తేడా వర్గానికి అనుగుణంగా. ఎండలో పెట్టిన ప్లాస్టిక్ డబ్బా లోపల 60 డిగ్రీలైతే పది లక్షలకు దాదాపు 40 పాళ్లు, రోజుకు మూడున్నర సెకన్లు. నోడ్ల మాటలు అందుకుంటూ నీడలో ఉన్న గేట్‌వే గడియారం మాత్రం సరిగ్గానే ఉంటుంది. గడియారం వెనకబడ్డ నోడు బస్సు వెళ్లిపోయాక వస్తుంది. తరవాతి బస్సు ఎప్పుడో తెలియక కాచుక్కూర్చుంటుంది. పది నిమిషాలకోసారి వచ్చే సంకేతం కోసం 20 మిల్లీఆంపియర్లతో పది నిమిషాలు కాచుకుంటే పోయేది 3.3 మిల్లీఆంపియర్-గంటలు. ఒక మైక్రోఆంపియరు నిద్ర ఖర్చుతో పోలిస్తే నాలుగున్నర నెలల తిండి ఒక్క పొరపాటులో పోయినట్టు.

"వేడికి తనంతట తానే సవరించుకునే గడియారం చిప్పు పెడతాను," అన్నాడు మేనమామ.

"ఎందుకు? మైక్రోకంట్రోలరులోనే ఉష్ణోగ్రత కొలిచే సెన్సరు ఉంది. స్ఫటికం ఎంత తప్పుతుందో సూత్రం ఉంది. ఒక గుణకారంతో సరిపోయేదానికి ప్రతి పెట్టెకూ ఇంకో చిప్పా?"

ఈసారి ఆమెదే న్యాయం. హార్డ్‌వేర్ లోపాన్ని కోడు దాదాపు ఉచితంగా దిద్దగల చోటు ఇది. ఎందుకంటే లెక్క చెయ్యడం చాలా చవక. టెలోస్ అంకెలతోనే చూస్తే ఒక బిట్టును రేడియోలో పంపడానికయ్యే శక్తితో ప్రాసెసరు 150 అడుగుల లెక్క చెయ్యగలదు. మట్టి తేమ గంటల తరబడి మారదు కాబట్టి, పాత అంకెకూ కొత్త అంకెకూ తేడా ఉంటేనే పంపాలన్న నియమం పెట్టి ఆమె అప్పటికే రోజులో చాలా ప్యాకెట్లు ఆపేసింది.

మేనమామ ఇంకోవైపు నుంచి వచ్చాడు. నోడు నుంచి నోడుకు చేతులు మారుతూ వార్త గేట్‌వే చేరే పద్ధతే ఆయనకు నచ్చదు. గేట్‌వే పక్కనున్న నోడ్లు అందరి మాటలూ మోసి ముందు చస్తాయి, వాటితోపాటు వెనకున్నవన్నీ మూగబోతాయి. దానికి బదులు లోరా రేడియో పెడితే తోటలో ఏ మూల నుంచైనా ఒక్క అంగలో గేట్‌వే చేరుతుంది. మనదేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా వాడుకోవచ్చు. నోడు తన మాట పంపాక కొద్దిసేపే వింటుంది, మిగతా కాలమంతా నిద్ర. దారి వెతికే కోడు, వేళ కలిపే కోడు రెండూ అక్కర్లేదు.

"దూరం పెరిగే కొద్దీ నెమ్మదిగా మాట్లాడాలి మామయ్యా. లోరాలో అన్నిటికన్నా వేగమైన స్థాయిలో సెకనుకు 5,400 బిట్ల పైచిలుకు పోతాయి. అన్నిటికన్నా నెమ్మదైన దాంట్లో 300 కూడా పోవు. అదే మాటకు ఇరవై రెట్ల కాలం రేడియో తెరిచి ఉంచాలి. ఒక్క చెట్టు గుబురు అడ్డం వస్తే నోడు తనంతట తానే నెమ్మది స్థాయికి దిగి, మీ సెల్‌ను తినేస్తుంది."

తోట సైజుకు, చదునుకు మేనమామ మాటే సరిపోతుంది. కొండల్లో అయితే సరిపోయేది కాదు. స్విట్జర్లాండ్‌లో మాటర్‌హార్న్ పర్వతం మీద దాదాపు 3,500 మీటర్ల ఎత్తున, రాతి పగుళ్లలో మంచు కరిగి బండలు జారే తీరును గమనించడానికి పర్మాసెన్స్ ప్రాజెక్టు 2008లో నోడ్లు పెట్టింది. అక్కడ మామూలు పెన్సిల్ సెల్ చలికి కొయ్యబారుతుంది. చలిని తట్టుకునే, ఏళ్ల తరబడి దానంతటది కారిపోని లిథియం థయోనైల్ క్లోరైడ్ సెల్స్ వాడారు. వాటితోపాటు రేడియోను కాలంలో సుమారు 0.2 శాతమే తెరిచే డోజర్ అనే పద్ధతి వాడారు. రసాయనం ఒకటి, కోడు ఒకటి. ఏ ఒక్కటి లేకపోయినా మూడేళ్ల గురి పెట్టుకోగలిగేవాళ్లు కాదు. అనంతపురానికి దగ్గర్లోనే, తెలుగు మాట్లాడే పావగడ తాలూకాలోని చెన్నకేశవపురలో, 2000ల దశకం నడిమిలో బెంగళూరు ఐఐఎస్‌సీ, స్విట్జర్లాండ్‌లోని ఈపీఎఫ్ఎల్ కలిసి మెట్ట రైతుల కోసం కామన్‌సెన్స్ నెట్ అనే సెన్సర్ నెట్‌వర్కును పరీక్షించాయి. ఎండిన నేలకు ఈ పరికరాల అవసరం ఉందని ఇరవై ఏళ్ల కిందటే గుర్తించినవాళ్లున్నారు. అయినా రైతు నమ్మి వదిలెయ్యగల పెట్టె ఇంకా పల్లెపల్లెకూ చేరలేదంటే, సెల్ ఆయుష్షు అందులో ఒక ముఖ్య కారణం. నెలకోసారి సెల్స్ మార్చే పరికరాన్ని పొలంలో ఎవరూ రెండో ఏడు ఉంచుకోరు.

ఆఖరికి వాదం తెగనిచోటికి వచ్చింది. పొలంలో ఉన్న నోడ్లకు గాలిలోంచే కొత్త కోడు పంపాలా వద్దా?

"వద్దు," అన్నాడు మేనమామ. "నెదర్లాండ్స్ బంగాళాదుంపల పొలం కథ నీకు నేను చెప్పక్కర్లేదు."

లోఫార్-అగ్రో అనే ప్రాజెక్టు అది. బంగాళాదుంపకు తెగులు తెచ్చే బూజును ముందే పసిగట్టాలని నూరుకు పైగా నోడ్లు పొలంలో పెట్టారు. సగమే పనిచేసే కోడు ఒకటి పొరపాటున నోడ్లలో చేరింది. గాలిలోంచి కోడు పంచే యంత్రాంగం ఆపు లేకుండా కోడును ఒకరినుంచి ఒకరికి పంచుతూనే పోయింది. నాలుగు రోజుల్లో సెల్స్ అన్నీ ఖాళీ. ఆ సీజను మొత్తానికి వాళ్ల చేతికొచ్చింది రావాల్సిన సమాచారంలో 2 శాతం. ఆ బృందం 2006లో జరిగిందంతా దాచుకోకుండా రాసింది. అంత నిజాయితీగా రాసిన ఇంజనీరింగ్ వ్యాసాలు తక్కువ. ఈ రంగంలోకి వచ్చే ప్రతివాళ్లూ మొదట దాన్నే చదవాలి.

"నిన్న దొరికిన తప్పునే చూడండి," అంది మేనకోడలు. "ఆ రెండు వరుసలు గాలిలోంచి పంపే వీలు లేకపోతే ప్రతి పాదు తవ్వి పెట్టె తియ్యాలి. పంపే దారి ఉండాలి. సెల్ వోల్టేజీ ఒక మట్టం కన్నా దిగితే పంచడం ఆగిపోవాలి, అది నేను కోడులో రాస్తాను."

"ఆపాల్సిన కోడు కూడా చెడ్డదైతే?"

దానికి ఆమె దగ్గర వెంటనే జవాబు లేదు. మేనమామ కాగితం తిప్పి బొమ్మ గీశాడు. రేడియోకు సెల్ నుంచి నేరుగా కరెంటు ఇవ్వడు. సెల్ నుంచి 100 మైక్రోఆంపియర్లకు మించి పోనివ్వని సన్నని దారి, దాని చివర 0.1 ఫారడ్ సూపర్ కెపాసిటరు. రేడియో దాన్నుంచే తీసుకోవాలి. అందులో ఒక వోల్టు దిగేదాకా వాడుకుంటే 20 మిల్లీఆంపియర్లతో అయిదు సెకన్ల మాట. మళ్లీ నిండడానికి పదిహేడు నిమిషాలు. కోడు పిచ్చిపట్టినట్టు ప్రవర్తించినా రేడియో వల్ల సెల్ మీద పడే భారం 100 మైక్రోఆంపియర్లే, ఆ లెక్కన 2,500 మిల్లీఆంపియర్-గంటలు రెండేళ్ల పది నెలలు వస్తాయి. ఈ ఏర్పాటుంటే ఆ బంగాళాదుంపల నోడ్లు పొరపాటుతోనే ఆ సీజను దాటేవి.

మేనకోడలు బొమ్మను చాలాసేపు చూసింది. సూపర్ కెపాసిటరు కూడా దానంతటది కొన్ని మైక్రోఆంపియర్లు కారుస్తుందని, నిద్ర ఖర్చు రెట్టింపవుతుందని అంది. వేళ తప్పిన నోడు పది నిమిషాలు వినాలంటే అయిదు సెకన్లకే ఆరిపోతుందని అంది. ఆయన ఒప్పుకోలేదు. విన్నంతసేపూ ఒక్క బిగిన వినాలని ఎవరన్నారు, రెండేసి సెకన్ల తునకలుగా, ప్రతిసారీ వేరే క్షణంలో వింటే ఒకటి రెండు రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు సంకేతం తగులుతుంది, మట్టి తేమకు ఆ ఆలస్యం లెక్కలోది కాదన్నాడు. అలా వినే కోడు ఆమె ఇదివరకు రాయలేదు, రాయడానికి కూర్చుంది. హద్దు 100 మైక్రోఆంపియర్లే ఉండాలన్నది ఆయన పట్టు. కొత్త కోడు ఒక రాత్రిలో తోటంతా చేరాలంటే 300 కావాలన్నది ఆమె బేరం.